ఆగమైనమా, ఆగం జేసిండ్రా?

పోయిన ఎండకాలం మా ఇంటెనక పెద్దమ్మకు ఒక ఫోన్ వచ్చింది. పొద్దున పదకొండు గంటలప్పుడు. ఫోన్ మీద కనవడే బొమ్మ పోలీసు డ్రెస్సుల ఉన్నది. "మీ పోరడు గంజాయి కేసుల దొరికిండు. మా దగ్గరనే ఉన్నడు. పావుగంటల 30 వేలు కొట్టకుంటే కోర్టుకు పంపుతం, ఇగ వాని జిందగీ అంతే. ఫోన్ పెట్టెయ్యద్దు. ఎవలకన్న చెప్తే కేసు ఇంకా పెద్దగైతది, ఊర్ల మీ ఇజ్జత్ పోతది" అన్నడు అవతలోడు. కొడుకు హైదరాబాద్‌ల పని చేస్తడు. డ్యూటీల ఫోన్ బంద్ ఉంటది. పెద్దమ్మ సంఘంల కట్టెతందుకు దాసుకున్న 18 వేలు పట్టుకొని కిరాణం దుకాణానికి ఉరికింది. దుకాణపాయిన ఫోన్ల నుంచి పైసలు పోయినయి. సాయంత్రం కొడుకు ఫోన్ చేసి "అన్నం తిన్నవా అవ్వా" అని అడిగినప్పుడు గాని అసలు సంగతి తెల్వలె.

ఆ రాత్రి మా వాకిట్ల కూసోని పెద్దమ్మ ఒక్క మాటనే పదిసార్లు అన్నది. "నేనే ఆగమైన బిడ్డా. నా సోయి నాకు లేకపాయె." తెల్లారి వచ్చిన కొడుకు సుత అదే అన్నడు. "ఎట్ల ఆగమైతివి అవ్వా? నన్ను ఒక్కసారి అడగాల్సింది గదా!"

ఇద్దరి మాటల పెద్దమ్మ ఉన్నది, ఆగం ఉన్నది. ఫోన్ చేసినోడు లేడు. పైసలు గుంజుకున్నోడు ఆ మాటల నుంచే మాయమైండు.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఈ వారం ఒక చిన్న పదకోశం రాస్తున్న. మనిషి నిమ్మలాన్ని చెదరగొట్టే పనికి మన భాషల ఎన్ని మాటలున్నయి, దేనికి ఎంత బరువున్నది, దేనికి ఎదురు మాట ఏంది. పరీక్షల పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు రాసెటోళ్లకు పనికొస్తది. ఫోన్ ఎత్తెటోళ్లకు ఇంకా ఎక్కువ పనికొస్తది.

మాట తోక చూడుండ్రి

మాటల జాబితాకు ముందు ఒక సంగతి పట్టుకోవాలె. ఈ తీరు మాటలు ఒక్కటే ఉండవు, ఎనుక ఒక తోక ఉంటది. ఆ తోకనే చెప్తది పని ఎవరిదో.

"పడు", "అవు", "చెందు" అని వస్తే అనుభవించినోళ్ల గురించి చెప్పినట్టు. గాబరా పడ్డది, పరేషాన్ అయ్యింది, కలత చెందింది. "పెట్టు", "చేయు", "కొట్టు", "ఇంచు" అని వస్తే ఆ పని చేసినోళ్ల గురించి చెప్పినట్టు. గాబరా పెట్టిండు, పరేషాన్ చేసిండు, హడలగొట్టిండు, బెదిరించిండు.

పేపర్లు, టీవీలు రాసే భాషల ఇంకో తోక ఉన్నది, "గురి". "రైతులు ఆందోళనకు గురయ్యారు", "ప్రజలు భయభ్రాంతులకు గురయ్యారు" అని రాస్తరు. వాన పడ్డట్టు, ఎండ కొట్టినట్టు, భయం కూడ ఆకాశం నుంచి పడ్డదన్నట్టే ఉంటది. ఎవడు చేసిండో ఆ వాక్యంల జాగనే ఉండదు. అదే "గురిచేశారు" అని రాయాలంటే, ఎవరు అన్న మాట ముంగట పెట్టక తప్పదు.

మన ఇండ్లల్ల సుత ఎక్కువగ "పడు, అవు" తోకలనే వాడుతం. పిల్ల పరీక్షల తడబడ్డది అంటం. హాల్ల నిలబడి కసురుకున్న సారు ఆ మాటల రాడు. కాబట్టి కింది మాటలన్నిటిని రెండు తోకలతోని చదువుకోండ్రి.

పెద్ద మాట: ఆగం

ఆగం అంటే తెలంగాణల ఒక్క అర్థం కాదు. ఇల్లు ఆగమైంది అంటే పాడైంది. పంట ఆగమైంది అంటే నష్టపోయింది. మనిషి ఆగమైండు అంటే మనసు జాగ తప్పింది. రెండుసార్లు అంటే "ఆగమాగం", దిక్కు తెల్వకుండ ఉరుకుడు. "ఆగం జేసుడు" అంటే మనిషిని నిలవనియ్యకుండ చేసి, దిక్కు తప్పించుడు. బడి పుస్తకాలల్ల దీనికి దగ్గరి మాటలు వ్యాకులపరచడం, కలవరపెట్టడం, విచలితం చేయడం. అయితే పుస్తకం మాటల మనసు ఒక్కటే చెదురుతది. ఆగంల మనసు, ఇల్లు, పైసలు మూడూ చెదురుతయి. పెద్దమ్మ ఆ మాట ఊకె ఎంచుకోలె.

పెద్దమ్మకు వచ్చిన ఫోన్‌ను ముక్కలు ముక్కలుగ ఇప్పి చూస్తే ఐదు దెబ్బలు కనవడ్డయి. మాటలను సుత ఆ లెక్కతోనే జమ చేస్తున్న.

మొదటి దెబ్బ: ఉలికిపాటు

"మీ పోరడు దొరికిండు." ఒక్కసారి, అనుకోకుండ తగిలే దెబ్బ ఇది. దీనికి ఉన్న మాటలు: ఉలికిపాటు, అదురుపాటు, దడ, గుండె గుభేల్మనుడు, దిమ్మ తిరుగుడు, బీరిపోవుడు.

ఉలికిపాటు చిన్నది, నిద్రల పిల్లగాడు ఉలికిపడ్డట్టు. ఒక్క క్షణంల పోతది. దడ జరసేపు ఉంటది, ఛాతీల తెలుస్తది. బీరిపోవుడు తెలంగాణ మాట. చూపు ఒక్కకాడ ఆగిపోయి, కాలు చెయ్యి ఆడకుండ నిలబడుడు. ఉలికిపడ్డ మనిషి కదులుతడు, బీరిపోయిన మనిషి కదలడు. రెండు ఒక్కటి కాదు.

ఎదురు మాటలు: తేరుకొనుడు, సోయిలకు వచ్చుడు, కుదుటపడుడు. ఈ దెబ్బకు మందు శానసార్లు టైమే. అందుకే కొట్టెటోడు రెండో దెబ్బ వెంటనే కొడతడు, తేరుకునే టైము ఇయ్యడు.

రెండో దెబ్బ: తొందర

"పావుగంటల." తొందరతోని మనిషిని చెదరగొట్టే మాటలు మన దగ్గర మస్తున్నయి: కంగారు, గాబరా, హడావుడి, తత్తరపాటు, తత్తరబిత్తర, ఉక్కిరిబిక్కిరి, గత్తర.

కంగారు ఆంధ్రల ఎక్కువ వినవడ్తది, గాబరా రెండు దిక్కుల. గాబరాకు చుట్టాలు హిందీల, మరాఠీల సుత ఉన్నయి. కంగారుల కాళ్లు చేతులు ఉరుకుతయి, గాబరాల గుండె ఉరుకుతది. ఈ తేడా అన్ని ఊర్లల్ల ఒక్క తీరు ఉండదు, మా దిక్కు మాత్రం అట్లనే వాడుతరు. ఉక్కిరిబిక్కిరి అంటే ఊపిరి సలపకపోవుడు. పొగల సుత అంటం, పని మీద పని పడ్డప్పుడు సుత అంటం. తత్తరపాటుల నోరు, చెయ్యి రెండు తప్పుతయి, చెప్పాల్సింది ఒకటైతే చెప్పేది ఇంకొకటి.

గత్తర అన్న మాట కత ఇనుండ్రి. తెలంగాణల గత్తర అంటే కలరా. గత్తర వచ్చిందంటే ఊరు ఊరంత చెల్లాచెదరు. ఆ రోగం తగ్గినంక సుత మాట మిగిలింది. ఇప్పుడు ఎవలన్న లొల్లి లేపి మందిని ఆగం జేస్తే "గత్తర లేపిండు" అంటం.

ఎదురు మాటలు: నిదానం, నెమ్మది, తాపీ, ఆరాం. "నిదానంగ ఆలోచన చేసి చెప్త" అన్న ఒక్క వాక్యం రెండో దెబ్బను ఆపుతది. నిజమైన పని ఉన్నోడు పావుగంట ఆగుతడు. మోసగాడు ఆగడు.

మూడో దెబ్బ: బెదిరింపు

"కోర్టుకు పంపుతం." భయంతోని చెదరగొట్టే మాటలు: బుగులు, బెదురు, హడలు, బెంబేలు, జంకు, వణుకు.

బుగులు తెలంగాణ మాట. లోపల గూడు కట్టుకునే భయం. "బుగులువడకు" అని పెద్దోళ్లు చెప్తరు. బెదురు పశువుల కాడ ఎక్కువ ఇంటం. ఎడ్లు బెదిరినయి అంటే బండి తోవ తప్పుతది. చేనుల పెట్టే బొమ్మను బెదురుబొమ్మ అనేది సుత అందుకే. ఆ బొమ్మకు చెయ్యి లేదు, కాలు లేదు, అంగి మాత్రం ఉన్నది. పెద్దమ్మ ఫోన్ల కనవడ్డ పోలీసు డ్రెస్సు సుత అసొంటి అంగినే. జంకు చిన్న భయం, అడుగు ముందుకు ఎయ్యాలా వద్దా అన్నట్టు. హడలు పెద్దది. బెంబేలు అంటే భయంల తెలివి సుత చెదిరిపోవుడు.

బెదురు అన్న మాటకు "ఇంచు" తోక పెడితే బెదిరించు అయితది. హడలుకు "కొట్టు" పెడితే హడలగొట్టు. తోక మారంగనే మనిషి కనవడ్డడు చూసిండ్రా?

ఎదురు మాటలు: ధైర్యం, నిబ్బరం, తెగువ, ధీమా. ఇవి సుత ఒక్కటి కాదు. తెగువ అంటే ఏమైతే అదైతదని దూకుడు. నిబ్బరం అంటే దూకకుండ, పారిపోకుండ ఉన్నకాడ నిలబడుడు. మనసు చెదరగొట్టెటోనికి అసలు ఎదురు మాట నిబ్బరమే. ధీమా అంటే ఎనుక ఒక ఆసరా ఉన్నదన్న నమ్మకం. సేతుల కాయితం ఉన్నోనికి ధీమా ఉంటది.

నాలుగో దెబ్బ: తికమక

"ఫోన్ పెట్టెయ్యద్దు." నడుమల వాడు ఏవో నంబర్లు చెప్పిండు, సెక్షన్లు చెప్పిండు, ఇంగ్లీషుల ఎవరితోనో మాట్లాడిండు. పెద్దమ్మకు ఒక్క ముక్క అర్థం కాలె. అర్థం కావొద్దనే చెప్పిండు. ఈ తీరు మాటలు: తికమక, గజిబిజి, అయోమయం, గందరగోళం, గడబిడ, తిరకాసు.

తికమకల రెండు తోవలు కనవడి ఏది పోవాల్నో తెల్వది. అయోమయంల తోవనే కనవడది. గజిబిజి కండ్ల ముందటి వస్తువుల సుత ఉంటది, రాత గజిబిజి అంటం. గడబిడల సప్పుడు సుత ఉంటది. తిరకాసు మాత్రం ఒకడు కావాలని పెట్టేది. కాయితంల తిరకాసు పెట్టిండు అంటం గాని, తిరకాసు పడ్డ అనం. ఆఫీసుల సంతకం పెట్టించుకునేటప్పుడు "జల్దీ, జల్దీ, కింద ఏలు ముద్ర ఎయ్యి" అంటే రెండో దెబ్బ, నాలుగో దెబ్బ కలిపి కొడుతున్నరని తెలుసుకోవాలె.

ఎదురు మాటలు: స్పష్టత, తేట, తెల్లం. "తేటతెల్లం జేసి చెప్పు" అని అడుగుడు మన హక్కు. అడిగినోడు తెలివి తక్కువోడు కాదు.

ఐదో దెబ్బ: ఇజ్జత్

"ఊర్ల ఇజ్జత్ పోతది." సిగ్గుతోని మనిషిని చెదరగొట్టే మాటలు: చిన్నబుచ్చుడు, నామోషీ చేసుడు, ఇజ్జత్ తీసుడు, నలుగురిల నవ్వులపాలు చేసుడు. ఇది అన్నిటికంటే లోతు దెబ్బ. ఎందుకంటే ఇది తగిలిన మనిషి ఎవలకు చెప్పుకోడు. లోన్ యాపులోళ్లు ఫోన్ల ఉన్న నంబర్లందరికీ ఫొటోలు పంపుతమని బెదిరించేది ఈ లెక్కనే. ఇచ్చింది కొంచెం, గుంజేది శాన, నడుమల పని చేసేది సిగ్గు.

ఎదురు మాటలు: మర్యాద, గౌరవం, పరువు నిలుపుడు, కడుపుల పెట్టుకొనుడు. కడుపుల పెట్టుకొనుడు అంటే తప్పు జరిగినా నలుగురిల తియ్యకుండ తనవాళ్లని కాపాడుకొనుడు. పెద్దమ్మకు ఆ రోజు కావల్సింది ఇదే. దొరికింది తిట్లు.

రోజు రోజు తినే మాటలు

కొన్ని మాటలు ఒక్క దెబ్బవి కావు. చెద తిన్నట్టు మెల్లగ తింటయి: రంది, ఫికర్, మనాది, బేజార్, హైరానా, సతాయింపు, కలత, చికాకు.

రంది అంటే మనసుల తిరిగే బాధ, బిడ్డ పెండ్లి రంది, అప్పు రంది. మనాది అంటే రంది ముదిరి మనిషిని మంచాన పడేసేది. ఫికర్ అరబ్బీ నుంచి ఉర్దూ తోవల మన దగ్గరికి వచ్చింది. అరబ్బీల దానికి ఆలోచన అని అర్థం, మన దగ్గర చింత. ఆలోచన చేసుడు, చింత చేసుడు ఎంత దగ్గరనో చూడుండ్రి. పరేషాన్ ఫారసీ మాట, అసలు అర్థం చెల్లాచెదరైన అని. హైరానా అరబ్బీ నుంచి వచ్చింది. ఉర్దూల హైరాన్ అంటే ఆశ్చర్యపోయినోడు, మన నోట్ల పడ్డంక అలసిపోయినోడు అయ్యిండు. బేజార్ సుత ఫారసీనే, ఏదీ వద్దనిపించే విసుగు. రాయలసీమల ఈ విసుగును యాష్ట అంటరు, "యాష్టకొచ్చింది" అని. ఉర్దూ, ఫారసీ మాటలని ఎవలన్న ఎక్కిరిస్తే సిగ్గుపడకుండ్రి. ఊర్లల్ల చదువు రాని అవ్వలు పుట్టినకాడి నుంచి వాడుతున్న మాటలవి.

కలత మాత్రం చెరువు మాట. కలగు అంటే నీళ్లు బురద అయితయి. కలత పడ్డ మనసు అంటే అడుగు మట్టి పైకి లేసిన నీళ్లు. అందుకే దానికి నిజమైన ఎదురు మాట శాంతి కాదు, తేట. నీళ్లు తేటపడాలంటే మళ్ల మళ్ల కలపకుండ వదిలెయ్యాలె.

సతాయింపుల తోకనే మనిషిని పట్టిస్తది, ఎవడో ఒకడు సతాయిస్తేనే సతాయింపు. అప్పు వసూలు చేసెటోళ్లు దినాం చేసేది ఇదే. రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టుల ఒక ఉత్తర్వు ఇచ్చింది. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీల వసూలు ఏజెంట్లు బాకీ కోసం పొద్దున 8 గంటల కంటే ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చెయ్యద్దు. మైక్రో ఫైనాన్సు అప్పులకు అదే ఏడాది ఇచ్చిన నియమాలల్ల పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకనే. రాత్రి పది గంటలకు వాకిట్ల నిలబడెటోడు మీ తప్పుతోని రాలె, నియమం తప్పి వచ్చిండు.

ఎదురు మాటలు: ఊరట, ఓదార్పు, దిలాసా, భరోసా, నిమ్మలం. దిలాసాల "దిల్" ఉన్నది, గుండెకు ఇచ్చే ఆసరా.

ఉడికిచ్చే మాటలు

మనిషి నిమ్మలం భయంతోనే పోదు, కోపంతోని సుత పోతది. ఉడికించుడు, గెలుకుడు, కిరికిరి పెట్టుడు, రెచ్చగొట్టుడు, ఎగదోసుడు. ఉడికించుడు ఎక్కువగ బావమరదళ్ల పరాచికం, దాంట్ల ప్రేమ సుత ఉండొచ్చు. గెలుకుడుల ప్రేమ ఉండది, మానిన పుండును మళ్ల లేపుడు. రెచ్చగొట్టుడుల ఇంకొకని లాభం ఉంటది. వాట్సాప్‌ల కులం మీద, మతం మీద వచ్చే వీడియో మనల్ని ఉడికిస్తలేదు, రెచ్చగొడుతున్నది. రెండు మాటలకు తేడా తెలిసినోడు దాన్ని ఇంకో పదిమందికి పంపే ముందు ఆగుతడు.

ఎదురు మాటలు: సల్లబరుసుడు, నచ్చజెప్పుడు, సముదాయించుడు, ఊకుంచుడు. ఏడ్సే పిల్లను ఊకుంచుతం, కోపంల ఉన్నోనికి నచ్చజెప్తం, కొట్లాటను సల్లబరుస్తం. ఒకదాని జాగల ఇంకోటి పెడితే మాట అతకది.

నిలబెట్టే మాటలల్ల పెద్దది: నిమ్మలం

ఆగానికి నేరుగ ఎదురు మాట నిమ్మలం. "నిమ్మలంగున్నరా?" అని చుట్టాలను అడుగుతం. ఒంట్ల బాగ, ఇంట్ల బాగ, మనసుల బాగ, మూడూ ఆ మాటల ఉన్నయి. బడి పుస్తకంల దగ్గరి మాటలు స్థిమితం, ప్రశాంతత, స్థైర్యం.

ఇంకో మంచి మాట కుదురు. కుండ అడుగు గుండ్రంగ ఉంటది, నేల మీద నిలవది. దాని కింద గడ్డితోనో గుడ్డతోనో చుట్ట చేసి పెడితే నిలుస్తది. ఆ చుట్టనే కుదురు. కుదురుగల్ల మనిషి అంటం గాని, కుండ దానంతట అది నిలవలే, కింద ఒక చుట్ట ఉన్నది. ఇల్లు, దోస్తులు, సంఘం, నాలుగు అక్షరాలు, ఒక ఫోన్ నంబర్, ఇవన్ని ఆ చుట్టల పోగులే.

ఇక్కడ సుత తోక చూడాలె. "నిమ్మలంగుండు" అని చెప్పుడు సులువు. "నిమ్మలపరుచుడు" కష్టం. ఆగం జేసుడుకు ఎదురు పని, బాధపడ్డోళ్లను నువ్వు ఊకో అనుడు కాదు. పక్కన కూసోని, ఏం జరిగిందో ఒక్కొక్కటి అడిగి, ఏం చెయ్యాల్నో చెప్పుడు.

నకిలీ ఎదురు మాటలు

కొన్ని మాటలు నిమ్మలం లెక్క కనవడ్తయి గాని కాదు. మొద్దుబారుడు, దెబ్బలు తిని తిని ఏమీ అనిపించకపోవుడు. సప్పుడు జేయకుండుడు, భయంతోని నోరు మూసుకొనుడు. లొంగిపోవుడు, ఇగ నాతోని కాదని చేతులెత్తుడు. బయటికి మూడూ శాంతంగనే కనవడ్తయి. ఊరి పెద్దలు "పోరగాళ్లు నిమ్మలంగున్నరు" అంటే, నిజంగ నిమ్మలమా, సప్పుడు జేయకుండుడా అని అడగాలె.

మోసగాడు సుత దిలాసా మాటలు వాడుతడు. "గాబరా పడకు అమ్మా, నేను చెప్పినట్టు చేస్తే అంత సక్కగైతది" అంటడు. ఆగం జేసినోడే దిలాసా ఇస్తుండంటే అది దిలాసా కాదు, గాలానికి గుచ్చిన ఎర.

జతలు ఒక్కకాడ

రాసుకోవాలనుకునేటోళ్లకు:

ఆగం – నిమ్మలం
ఉలికిపాటు – తేరుకొనుడు
కంగారు, హడావుడి – నిదానం, తాపీ
గాబరా, బెదురు – నిబ్బరం
బుగులు – ధైర్యం
జంకు – తెగువ
తికమక, అయోమయం – స్పష్టత, తేటతెల్లం
కలత – తేట
పరేషాన్ – ఆరాం
రంది, ఫికర్ – ఊరట, భరోసా
చిన్నబుచ్చుడు – గౌరవించుడు
రెచ్చగొట్టుడు – సల్లబరుసుడు
ఆగం జేసుడు – దిలాసా ఇచ్చుడు, నిమ్మలపరుచుడు

ఇంకా మాటలు కావాల్నంటే నలిమెల భాస్కర్ కూర్చిన తెలంగాణ పదకోశం చూడుండ్రి. పుస్తకం దొరకకుంటే మీ నాయనమ్మ కాడ కూసోండ్రి.

ఠాణాల ఇచ్చే కాయితం

పెద్దమ్మతోని ఫిర్యాదు రాయించెతందుకు మూడో రోజు కూసున్నం. మొదలు ఆమె చెప్పినట్టే రాసిన: "నేను ఆగమై, భయపడి 18 వేలు వేసితిని." చదివి చూస్తే తప్పంత ఆమెదే అన్నట్టున్నది. కొట్టేసి మళ్ల రాసినం: "ఫలానా తేదీన, ఫలానా నంబరు నుంచి ఒక వ్యక్తి పోలీసునని అబద్ధం చెప్పి, నా కొడుకును అరెస్టు చేసినమని నన్ను భయపెట్టి, ఎవరికీ చెప్పవద్దని బెదిరించి, నా దగ్గర 18 వేలు వేయించుకున్నడు."

ఇది ఉత్త భాష ముచ్చట కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లకు వచ్చిన భారతీయ న్యాయ సంహితల 308వ సెక్షన్ బలవంతపు వసూలు గురించి చెప్తది. కావాలని మనిషిని భయపెట్టి, ఆ భయంతోని పైసలు ఇప్పించుకునుడే ఆ నేరం. 351 నేరపూరిత బెదిరింపు, 204 సర్కారు ఉద్యోగినని వేషం కట్టుడు, 318 మోసం. చట్టం వెతికేది భయపెట్టినోన్ని, భయపడ్డోళ్లను కాదు. మన వాక్యంల వాడు లేకపోతే చట్టానికి పట్టుకునేతందుకు ఏం దొరుకుతది?

ఇంకో మూడు సంగతులు పిల్లలు, పెద్దోళ్లు అందరు కంఠస్థం చెయ్యాలె. ఫోన్ల అరెస్టు చేసుడు, వీడియో కాల్ల అరెస్టు చేసుడు అన్నది మన చట్టంల ఎక్కడా లేదు. "డిజిటల్ అరెస్టు" అన్న మాట మోసగాళ్లు పుట్టించిందే. నిజంగ అరెస్టు చేస్తే కారణం చెప్పాలె, వకీలును కలవనియ్యాలె, 24 గంటలల్ల మేజిస్ట్రేటు ముంగట నిలబెట్టాలె. రాజ్యాంగం 22వ అధికరణం చెప్పేది ఇదే. పైసలు పోతే ఆలస్యం చెయ్యకుండ 1930కి ఫోన్ చెయ్యాలె. ఎంత జల్దీ చేస్తే అవతలి ఖాతాల పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ. మేం మూడో రోజు దాక సిగ్గుతోని కూసున్నం. పెద్దమ్మ పైసలు ఇంకా రాలె.

ఆఖరుకు ఒక మాట

జాబితాల నేను పెట్టని మాట ఒకటున్నది, ఆందోళన. సంస్కృతంల దాని అసలు అర్థం ఊగుడు, ఉయ్యాల ఊగినట్టు. తెలుగుల దానికి రెండు అర్థాలు పడ్డయి. "ఆందోళన పడుడు" అంటే ఇంట్ల కూసోని మనసు ఊగుతుండుడు. "ఆందోళన చేసుడు" అంటే నలుగురు కలిసి రోడ్డు మీదికి వచ్చి, అవతలోన్ని కదిలించుడు. ఒక్కటే మాట, తోకనే వేరు. మనల్ని చెదరగొట్టెటోళ్లందరు కోరుకునేది మనం "పడు" కాడనే ఉండాలని, అదీ ఒంటరిగ.

కాయితం ఇచ్చి ఠాణా నుంచి వస్తుంటే ఆటోల పెద్దమ్మ కొడుకు నోరు తెరిచిండు. "నేను సుత నిన్ను తిట్టి ఇంకా ఆగం జేసిన అవ్వా." ఆమె ఏమనలె, కొంగుతోని మొకం తుడుసుకున్నది. వారం కింద మళ్ల ఏదో నంబరు నుంచి ఫోన్ వచ్చిందట, బ్యాంకు నుంచి అని. "జర ఆగు నాయనా, మా పోరన్ని పిలుస్త, ఆయినతోని మాట్లాడు" అన్నదట. వాడు కట్ చేసిండు.

మీ ఊర్ల ఈ తీరు మాటలు ఇంకేమున్నయో ఇంట్ల ముసలోళ్లను అడిగి ఒక నోటుబుక్కుల రాసుకోండ్రి. మాట పక్కన దాని ఎదురు మాట రాయుండ్రి. తోక మాత్రం మర్చిపోవద్దు.